కారు ‘తలరాత’ మారుస్తున్నారా?

ట్యూనింగ్‌ సాఫ్ట్‌వేర్‌ ఎంపికలో అంకెల కంటే ప్రశ్నలే ముఖ్యం

బెంగళూరు: శుక్రవారం సాయంత్రమైతే చాలు... మారతహళ్లి, వైట్‌ఫీల్డ్‌లలోని మనవాళ్ల కార్లు సొంతూళ్ల దారి పడతాయి. కోలారు, ముళబాగిలు మీదుగా చిత్తూరుకు కొందరు, బాగేపల్లి దాటి అనంతపురానికి ఇంకొందరు. దారిలో టీ కొట్టు దగ్గర ఇద్దరు కలిస్తే మాట ఇంజిన్‌ మీదికి మళ్లుతుంది. ‘అన్నా, రీమ్యాప్‌ చేయించావా? పికప్‌ అదిరిపోద్ది!’ అంటాడొకడు. ‘వద్దురా, బాక్స్‌ పెట్టించుకో చాలు’ అంటాడు ఇంకొకడు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి?

ఏమిటీ రీమ్యాప్‌?

నేటి కార్లలో ఇంజిన్‌ను నడిపేది ఈసీయూ అనే చిన్న కంప్యూటర్‌. గాలి ఎంత వస్తోంది, వేడి ఎంత ఉంది, యాక్సిలరేటర్‌ ఎంత తొక్కారు... ఇవన్నీ సెన్సర్ల ద్వారా తెలుసుకుంటుంది. తనలోని పట్టికలు చూసి ఇంధనం ఎంత వదలాలో, టర్బో ఎంత ఒత్తిడి ఇవ్వాలో తేలుస్తుంది. ఈ పట్టికలనే మ్యాప్‌లంటారు. కల్తీ ఇంధనం, ఎండాకాలం, ఘాట్‌రోడ్డు అన్నీ తట్టుకోవాలని కంపెనీలు కొంత శక్తిని అట్టిపెడతాయి. ట్యూనింగ్‌వాళ్లు వాడుకునేది ఆ మిగులునే. టర్బో ఉన్న ఇంజిన్లలో తేడా బాగా తెలుస్తుంది. టర్బో లేని పెట్రోలు కారుకు మాత్రం ఖర్చుకు తగ్గ ఫలితం కనిపించదు.

బాక్సా... ఫ్లాషా?

దారులు రెండు. మొదటిది ట్యూనింగ్‌ బాక్స్‌. సెన్సర్‌కూ ఈసీయూకూ మధ్య దీన్ని తగిలిస్తారు. డీజిల్‌ కారులో ఇంధన ఒత్తిడి తక్కువగా ఉన్నట్టు ఇది ఈసీయూను నమ్మిస్తుంది. దాంతో ఈసీయూ ఒత్తిడి పెంచుతుంది. వద్దనుకుంటే బాక్సు విప్పేయొచ్చు. అయితే ఇంజిన్‌లో జరిగేది ఒకటి, ఈసీయూకు తెలిసేది మరొకటి.

రెండోది రీమ్యాప్‌. ఈసీయూలోని ఫైలునే చదివి, మార్చి, తిరిగి రాస్తారు. ఇంధనం, టర్బో, టార్క్‌ హద్దులు అన్నీ ఒకదానికొకటి పొసిగేలా మార్చే వీలుంది కాబట్టి నేర్పున్న చేతిలో ఇదే మెరుగు. చేతకానివాడి చేతిలో ప్రమాదమూ ఇదే. పైగా ఎన్నిసార్లు తిరగరాశారో లెక్కపెట్టుకునే ఈసీయూలూ ఉన్నాయి. సర్వీసు కేంద్రంలో అప్‌డేట్‌ చేస్తే డబ్బు పోసి రాయించుకున్న ఫైలు చెరిగిపోవచ్చు. బెంగళూరులో రేస్‌ డైనమిక్స్‌, కేరళలో పీట్స్‌ వంటి సంస్థలు ఈ రంగంలో పేరున్నవి. అయినా పేరు చూసి కాదు, మన కారును చూసి తేల్చుకోవాలి.

అంకెల వెనక ఇనుము

స్విఫ్ట్‌లో వచ్చిన ఫియట్‌ 1.3 లీటర్ల డీజిల్‌ ఇంజిన్‌ శక్తి 75 పీఎస్‌. ఇదే ఇంజిన్‌ ఎస్‌ఎక్స్‌4, సియాజ్‌లలో 90 పీఎస్‌ ఇచ్చింది. అందుకోసం కంపెనీ సాఫ్ట్‌వేర్‌ ఒక్కటే మార్చి ఊరుకోలేదు, వేరే రకం టర్బో బిగించింది. 15 పీఎస్‌ కోసం తయారీదారే అంత చేసినప్పుడు, గంటలో ఫైలు ఎక్కించి ఇంకా ఎక్కువ ఇస్తామనే వారిని రెండుసార్లు అడగాల్సిందే.

గేర్‌బాక్స్‌ సంగతీ అంతే. పోలో జీటీ టీఎస్‌ఐ ఇంజిన్‌ టార్క్‌ 175 ఎన్‌ఎం. దాని 7 గేర్ల డీఎస్‌జీ గేర్‌బాక్స్‌ తట్టుకునే హద్దు 250 ఎన్‌ఎం. ఆ హద్దుకు ఎంత దగ్గరగా వెళ్తే క్లచ్‌ మీద అంత భారం.

ఊరి బంకులో దొరుకుతుందా?

మన సరిహద్దు ప్రయాణికులు మరిచిపోయే సంగతి ఒకటుంది. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడి చల్లటి గాలిలో, 97, 100 ఆక్టేన్‌ పెట్రోలు పోసి సరిచూసిన కారు, సంక్రాంతికో వేసవి సెలవులకో కింద ఎండలోకి దిగుతుంది. ఆ పెట్రోలు అన్ని బంకుల్లో దొరకదు. మామూలు పెట్రోలుతో అదే మ్యాప్‌ మీద గట్టిగా తొక్కితే ఇంజిన్‌ ‘నాక్‌’ అవుతుంది. అది ముదిరితే పిస్టన్లకే ముప్పు. మామూలు పెట్రోలుకు సరిపోయే మ్యాప్‌ రాయించుకోవడమే ఊరికెళ్లే వారికి క్షేమం.

చట్టం చూస్తోంది

కంపెనీ నిర్దేశించిన దానికి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్‌ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం, అనుమతి లేని ప్రతి మార్పుకూ రూ.5 వేల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. పొగ వడపోసే డీపీఎఫ్‌, కెటాలిటిక్‌ కన్వర్టర్‌ తీసేసి ఫైలు రాస్తామంటే అక్కడి నుంచి లేచి రావడమే మేలు. సాఫ్ట్‌వేర్‌తో పొగ లెక్క ఎంత తారుమారవుతుందో 2015లో ఫోక్స్‌వ్యాగన్‌ ఉదంతమే చూపించింది. ప్రపంచవ్యాప్తంగా సుమారు 1.1 కోట్ల కార్లు అందులో చిక్కుకున్నాయి. వారంటీ తిరస్కరణ, బీమా పేచీ ఎలాగూ ఉంటాయి. కంతులు తీరని కొత్త కారైతే వారంటీ ముగిసేదాకా ఆగడమే తెలివి.

ఇవి అడగండి

* నా కారు అసలు ఫైలు కాపీ నా చేతికిస్తారా?
* మార్పుకు ముందు, తర్వాత ఒకే డైనో మీద శక్తి కొలిచి చూపిస్తారా?
* అందరికీ ఇచ్చే ఫైలేనా, నా కారు రీడింగులు తీసి రాసేదా?
* క్లచ్‌, గేర్‌బాక్స్‌ హద్దు ఎంత? మీరు ఎక్కడ ఆపుతారు?
* సర్వీసులో ఫైలు చెరిగిపోతే మళ్లీ ఉచితంగా రాస్తారా?

వీటికి తడుముకోకుండా జవాబు చెప్పేవారి దగ్గరే ఆలోచించాలి. ‘ఎంత పెరుగుతుంది?’ అని అందరూ అడుగుతారు. ‘ఎక్కడ ఆపారు? వెనక్కి రావాలంటే దారేది?’ అని అడిగినవారి కారే పదేళ్లయినా పండక్కి ఊరు చేరుతుంది.