బొమ్మ కనిపించగానే అమ్మేయకండి!

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. రాత్రి పదకొండింటికి హాస్టల్ గదిలో ఓ షేరు చార్ట్ చూస్తున్నా. మధ్యలో ఎత్తుగా తల, అటూ ఇటూ రెండు భుజాలు. వారం కిందటే వీడియోలో నేర్చుకున్న ‘హెడ్ అండ్ షోల్డర్స్’! ఇక పడటమే అనుకుని తెల్లారగానే పుట్ ఆప్షన్లు కొనేశా. షేరు పడలేదు సరికదా, కుడి భుజాన్ని దాటి పైకెళ్లింది. ఎక్స్‌పైరీ నాటికి నా 38 వేలు సున్నా. అవి ఇంటికి పంపాల్సిన డబ్బులు. నాన్నకు ‘జీతం లేటయింది’ అని అబద్ధం చెప్పా.

తీరిగ్గా చూసుకుంటే తప్పెక్కడో తెలిసింది. నేను చూసింది సగం బొమ్మే. మిగతా సగం నా ఆశ గీసుకుంది.

ఏ బొమ్మ ఏం చెబుతుంది?

పెరుగుతూ వచ్చిన ధర దిశ మార్చుకుని పడొచ్చని సూచించేవే బేరిష్ రివర్సల్ ప్యాటర్న్‌లు. అంటే ముందు ధర బాగా పెరిగి ఉండాలి. ఎక్కని చెట్టు మీంచి దిగలేం కదా! ఎక్కువగా కనిపించేవి ఇవీ...

హెడ్ అండ్ షోల్డర్స్: మూడు శిఖరాలు. మధ్యది ఎత్తు. మూడోది రెండోదాన్ని అందుకోలేదంటే కొనేవాళ్ల ఊపు తగ్గుతోందని అర్థం. శిఖరాల మధ్య ఉన్న రెండు పల్లాలను కలిపే గీతే నెక్‌లైన్.

డబుల్ టాప్: దాదాపు ఒకే ధర దగ్గర రెండుసార్లు ఆగి వెనక్కి రావడం. మధ్యలోని పల్లం ఇక్కడ కీలకం.

షూటింగ్ స్టార్: ఒకే క్యాండిల్. కింద చిన్న బాడీ, పైన దానికి కనీసం రెండింతల పొడవున్న విక్. పైకి తీసుకెళ్లిన ధరను అమ్మేవాళ్లు మళ్లీ కిందకు లాగేశారన్నమాట.

బేరిష్ ఎన్‌గల్ఫింగ్: చిన్న ఆకుపచ్చ క్యాండిల్ బాడీని తర్వాతి రోజు ఎర్ర క్యాండిల్ బాడీ పూర్తిగా మింగేయడం.

పూర్తయ్యేది ఎప్పుడు?

ఓ ఉదాహరణ చూద్దాం. ఎడమ భుజం 480, తల 520, కుడి భుజం 485, నెక్‌లైన్ 450 రూపాయలు. ధర 460లో ఉన్నంతసేపూ అది ప్యాటర్న్ కాదు, అనుమానం మాత్రమే. 450 కంటే కింద ముగిస్తేనే లెక్క. ఆ రోజు వాల్యూమ్ కూడా పెరిగితే నమ్మకం ఎక్కువ. తలకూ నెక్‌లైన్‌కూ తేడా 70. దాన్ని 450లోంచి తీసేస్తే 380 ఓ అంచనా లక్ష్యం. గ్యారంటీ కాదు. ధర మళ్లీ 485 దాటితే మన లెక్క తప్పినట్టే. స్టాప్‌లాస్ అక్కడే. నేను కొన్నది నెక్‌లైన్ తెగకముందు, అదీ స్టాప్‌లాస్ లేకుండా!

క్యాండిళ్లకూ ఇదే సూత్రం. మధ్యాహ్నం రెండింటికి షూటింగ్ స్టార్‌లా ఉన్నది, మూడున్నరకు మార్కెట్ మూసేసరికి మామూలు ఆకుపచ్చ క్యాండిల్ అయిపోవచ్చు. రోజు ముగిసేదాకా ఆగాలి. తర్వాతి క్యాండిల్ కూడా కిందకే వెళ్తే ఇంకా మంచిది.

మనకెలా ఉపయోగం?

క్యాష్ మార్కెట్‌లో చేతిలో లేని షేరు అమ్మితే అదే రోజు తిరిగి కొనేయాలి. అందుకే చాలామంది ఎఫ్ అండ్ ఓ వైపు పరుగెడతారు. 2021-22 నుంచి మూడేళ్లలో ఈ విభాగంలో ట్రేడ్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారనీ, ఆ నష్టం మొత్తం 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైనేననీ 2024 సెప్టెంబరులో సెబీ అధ్యయనం తేల్చింది. 2023-24లో ట్రేడర్లలో 43 శాతం మంది 30 ఏళ్లలోపు వాళ్లే. అంటే మనమే!

కాబట్టి ఈ ప్యాటర్న్‌లను పందెం కాయడానికి కాకుండా, ఉన్న షేర్ల లాభం కాపాడుకోవడానికీ, శిఖరం దగ్గర కొత్తగా కొనకుండా ఆగడానికీ వాడుకోండి.

సాధన ఇలా...

పాత చార్ట్ తెరిచి కుడి సగాన్ని కాగితంతో మూసేయండి. ప్యాటర్న్ పేరు, అది పూర్తయ్యే ధర, తప్పిందని ఒప్పుకొనే ధర నోట్‌బుక్‌లో రాయండి. తర్వాత కాగితం జరపండి. కనీసం 50 చార్ట్‌లు చేయండి. కుదరనివీ రాయండి. పుస్తకాల్లో కుదిరినవే చూపిస్తారు మరి. పైసా పెట్టకుండా పాఠం వస్తుంది.

దీన్ని కెరియర్‌గా తీసుకోవాలనుకుంటే ఎన్‌ఐఎస్ఎం నిర్వహించే రిసెర్చ్ అనలిస్ట్ పరీక్ష ఉంది. ముందు బేసిక్స్ కోసం సెబీ ఇన్వెస్టర్ సర్టిఫికేషన్ పరీక్ష రాయొచ్చు. ఫీజు లేదు. నేనైతే మొదటి పాఠానికి 38 వేలు కట్టా!