పరిశ్రమలలో ప్లాస్టిక్ గొట్టములు

ఇనుపగొట్టములో హైడ్రోక్లోరికామ్లము ప్రవహించినచో అచిరకాలముననే లోహము క్షయించి చిల్లులు పడును. అట్టి తావులందు, తుప్పన్నది ఎఱుగనివియు, ఉక్కుబరువులో అయిదవవంతైనను తూగనివియు నగు ప్లాస్టిక్ గొట్టములే అక్కఱకు వచ్చును.

అయినను ప్లాస్టిక్కులన్నియు నొక్కటి కావు. పి.వి.సి. ఆమ్లములను, లవణజలములను చక్కగా సహించునుగాని, అసిటోను వంటి ద్రావకము సోకినచో మెత్తబడి ఉబ్బిపోవును. అతుకుజిగురు దాని కొనలను కరగించి రెండు ముక్కలను ఏకము చేయుటకును ఈ గుణమే ఆధారము. దాని ఉష్ణసహనమునకు ఎల్ల సుమారు 60 డిగ్రీల సెల్సియస్. క్లోరిను పాలు హెచ్చించిన సి.పి.వి.సి. 90 డిగ్రీల దాక నిలుచును. ఇక అతుకు విషయమున, మరియొక ప్లాస్టిక్కగు హెచ్.డి.పి.ఇ. గొట్టముల కొనలను కాచి, ఒకదానినొకటి నొక్కిపట్టి అతుకుదురు.

వేడి పెరిగినకొలది బలము తరుగును: 23 డిగ్రీలయొద్ద ఓర్చు ఒత్తిడిలో పి.వి.సి. గొట్టము 60 డిగ్రీలయొద్ద నాలుగవవంతైనను ఓర్వజాలదు. వేడికి ఉక్కుకన్న నాలుగైదింతలు సాగును గనుక వ్యాకోచమునకు చోటు విడువవలయును. సంపీడితవాయువునకు పి.వి.సి.ని ఎన్నడును వాడరాదు. గొట్టము పగిలినచో పెంకులు తూటాలవలె ఎగిరి ప్రాణములు తీయగలవు.

కావున కర్మాగారాధిపతులారా, ధర చూచుటకు ముందు ద్రవమేది, వేడియెంత, ఒత్తిడియెంత అను మూడు ప్రశ్నలకు సమాధానములు వ్రాసికొనుడు. గొట్టమును పిదప ఎన్నుకొనుడు.