కరువులో గంజి పోసిన చిట్టీత

మా కాకినాడ పక్క సముద్రం వెంబడి, సరుగుడు తోటల గట్ల మీదా, నాగలి ఎరగని ఇసుక దిబ్బల మీదా గుబురుగా, మోకాలు దాటి కొంచెం ఎత్తున కనిపించేది చిట్టీత. కొత్తవాళ్లు చూసి, ఈతమొక్కే, ఇంకా ఎదగాలి అనుకుంటారు. దాని ఎదుగుదలే అంత. ముదిరిన మొక్కకైనా మన నేలల్లో కాండం మూరెడుంటే గొప్ప. అదీ మట్టల మొదళ్ల మధ్య దాక్కుని ఉంటుంది. శాస్త్రవేత్తలు దీన్ని ఫీనిక్స్ పుసిల్లా అంటారు. దక్షిణ భారతం, శ్రీలంక దీని సొంత గడ్డ. మన్యంలో చీపుళ్లు కట్టే పొట్టి ఈత దీనికి దగ్గరి చుట్టమే గాని, ఇది కాదు.

ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పినన్నాళ్లూ ఈ మొక్క ప్రస్తావన వస్తే చాలు, సిలబస్ పక్కన పెట్టి సామర్లకోట కథ చెప్పేదాన్ని. 1781 నుంచి 1793 దాకా ఈస్టిండియా కంపెనీ కొలువులో అక్కడ ఉన్న స్కాట్లండ్ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ మన మొక్కలకు బొమ్మలు గీయించాడు. 1795 నుంచి వెలువడిన ఆయన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో చిట్టీత కూడా ఉంది. 1791 చివరా, 1792లోనూ బియ్యం పేదవాడికి అందని ధరకు పోయాయి, ఒక్కోసారి అసలు దొరకనే లేదు. అప్పుడు జనం ఈ మూరెడు కాండాన్ని తీసి, ఆరెనిమిది చీలికలు చేసి ఎండబెట్టి, రోట్లో దంచి, పీచు పోయేలా జల్లించి, వచ్చిన పిండితో గంజి కాచుకున్నారు. అది చేదుగా ఉంటుందనీ, సగ్గుబియ్యమంత సత్తువ లేదనీ రాక్స్‌బర్గ్ రాశాడు. చాలామంది ప్రాణాలు నిలబెట్టిందని కూడా రాశాడు. ఆ కాస్త కాండంలో ఎంత పిండి ఉంటుంది! ఒక ఇంటికి ఒక పూట గడవడానికి ఎన్ని పొదలు తవ్వి ఉంటారో తలుచుకుంటే ఇప్పటికీ నాకు గొంతు పట్టేస్తుంది.

అలాంటి మొక్కను లేఅవుట్ల కోసం జేసీబీతో తోసేసి, ఆ గేటు దగ్గరే లారీలో తెచ్చిన విదేశీ పామ్‌లు పాతుతుంటే బాధగా ఉంటుంది. నర్సరీల్లో అమ్మే ఫీనిక్స్ రోబెలెనీ అందమైనదే, కాదనను. కానీ అది మెకాంగ్ నది ఒడ్డు మొక్క, నీళ్లు కోరుతుంది. చిట్టీతకు మన ఎండ, మన ఇసుక పుట్టినప్పటి నుంచీ అలవాటే.

పెంచాలంటే గింజతోనే పెంచాలి. దిబ్బ మీది మొక్కను పెళ్లగించి తెస్తే వేళ్లు తెగి చాలావరకు చచ్చిపోతుంది, పైగా ఆ దిబ్బ బోసిపోతుంది. జనవరి, ఫిబ్రవరిలో పూత, మేలో పళ్లు. చిటికెనవేలి గోరును కాస్త మించిన కాయ ఎర్రబడి, తర్వాత నిగనిగలాడే నలుపు తిరుగుతుంది. నల్లదాన్ని నోట్లో వేసుకుంటే గుజ్జు పలుచనే గాని తియ్యగా ఉంటుంది. పండకుండా కొరికితే వగరుకు నాలుక పిడచకట్టుకుపోతుంది. తినగా మిగిలిన గింజను ఇసుకతో రుద్ది కడిగి, ఒకటి రెండు రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టాలి.

గింజ నాటే సంచిలోకి రెండు పాళ్లు ఇసుక, ఒక పాలు ఎర్రమట్టి, కాస్త బాగా చివికిన పశువుల ఎరువు చాలు. సంచి వెడల్పు కన్నా లోతు ముఖ్యం. ఈత గింజ మొలిచే తీరు వేరు. తెల్లటి మొలక ముందు కిందికి దిగుతుంది. కొంత లోతుకు వెళ్లాక అక్కడి నుంచి వేరు కిందికీ, ఆకు పైకీ బయల్దేరతాయి. గింజ పెట్టినచోట కాకుండా కొంచెం పక్కన మొక్క లేచేది అందుకే. మొలవడానికి కొన్ని వారాల నుంచి మూడు నెలల దాకా పట్టొచ్చు, ఈలోగా వేలు పెట్టి కెలకొద్దు. తొలి ఆకులు చీలికలు లేకుండా సన్నగా ఉంటాయి. కలుపనుకుని పీకేస్తారు, జాగ్రత్త. మట్టిలో తేమ ఉండాలి, నీరు నిలవకూడదు. చీలికల ఆకులు వచ్చాక నీడలోంచి ఎండకు మెల్లగా అలవాటు చేసి, తొలకరికి మట్టిగడ్డ విడకుండా నేలలో నాటాలి.

నడిచే దారికి రెండు మూడడుగులు అవతల నాటండి. మట్ట మొదట్లో ఉండే ఆకులే ముళ్లవుతాయి, సరిగ్గా పిల్లల పిక్కలకు తగిలే ఎత్తులో. ఎండిన మట్టలే కోయాలి. నడి మొవ్వు తెగిందంటే ఆ కాండం పని అయిపోయినట్టే. పెంటకుప్ప దగ్గర మాత్రం వద్దు. కొబ్బరిని తొలిచే కొమ్ము పురుగు పెరిగేది అందులోనే, అది ఈత జాతినీ వదలదు.

పళ్లు కావాలంటే ఒక్క మొక్క చాలదు. తాటిలో పోతుతాడు, పెంటితాడు ఉన్నట్టే ఇందులోనూ మగ, ఆడ వేరు. పూసేదాకా ఏది ఏదో తెలియదు, పూతకు కొన్నేళ్లు పడుతుంది. అందుకని నాలుగైదు మొక్కలు దగ్గర దగ్గరగా పెట్టుకోండి. మగ పూత విచ్చుకోగానే ఒక రెమ్మ కోసి ఆడ పూత మీద దులిపితే కాపు బాగా నిలుస్తుంది.