మొండి కోడెకు ముకుతాడే దిక్కా?

ముకుతాడు వేస్తేగానీ కోడె లొంగదని మనలో చాలామంది నమ్మకం. కానీ నోట్లో ఇనుప కడ్డీ లేని కళ్లెంతో మొండి గుర్రాలను సైతం నడిపే రౌతులున్నారు. ఆ కిటుకు కోడెకూ పనికొస్తుంది. దుక్కి అదనులో ముక్కు పుండుపడి ఎద్దు కొట్టంలో నిలబడిపోతే, ఒక్క జతమీదే బతికే చిన్న రైతుకు ఎంత నష్టమో వేరే చెప్పక్కర్లేదు.

ఎందుకు మొండికేస్తుంది?

రెండు ముక్కు రంధ్రాల నడుమ భాగం చాలా సున్నితం. గట్టిగా గుంజితే నొప్పికి పశువు ఆగుతుంది, నిజమే. అస్తమానం గుంజుతుంటే అక్కడ పుండై పురుగులు పడతాయి. ఆపైన తాడు తగిలితే చాలు, తల విసురుతుంది. దాన్ని మనం పొగరనుకుంటాం. పశువు నేర్చుకునేది లాగినందుకు కాదు, మాట విన్న క్షణాన తాడు వదులైనందుకు. అసలు కిటుకు ఇదే.

తలతాడు కట్టే పద్ధతి

వేలి లావు మెత్తని నూలు తాడు పన్నెండు అడుగులు తీసుకోండి. నైలాన్ తాడు వద్దు, ఒరుసుకుని తోలు లేస్తుంది. ఒక వరస కొమ్ముల వెనకగా, రెండో వరస ముక్కు మీదుగా రావాలి. ముక్కు మీది వరస కంటికీ మూతికీ మధ్య, ఎముక గట్టిగా తగిలే చోట ఉండాలి. కిందికి జారితే ఊపిరి ఆడదు. రెండు వేళ్లు దూరేంత వదులుంచి, మిగిలిన కొసను దవడ కింద నుంచి ఎడమ పక్కకు తీసి పగ్గంగా పట్టుకోండి.

నేర్పడం ఎలా?

కోడె లేతగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. పూటకు పావుగంట చాలు. పగ్గాన్ని మెల్లగా పక్కకు లాగి పట్టుకోండి, ఝాడించకండి. ఒక్క అడుగు వేసినా వెంటనే వదులు చేసి గంగడోలు నిమరండి. ఎదురుగా నిలబడి లాగితే అది వెనక్కే తన్నుకుంటుంది. నడక, ఆగడం, తిరగడం వచ్చాకే సాధువైన పాత ఎద్దు పక్కన ఖాళీ కాడి కట్టండి.

ముందు జాగ్రత్తలు

ఇప్పటికే పొడిచే అలవాటున్న ఎద్దుకు ముకుతాడు ఒక్కసారిగా తీసేయకండి. రెండూ ఉంచి, తలతాడుతోనే నడపండి. ముకుతాడు వదులుగా, ఆపదకు మాత్రమే ఉండాలి. ఉన్నట్టుండి మొండికేసిన ఎద్దుకు కాడి పుండు, గిట్టల్లో ముల్లు ఉన్నాయేమో ముందు చూడండి. ముక్కు పుండుంటే పశువైద్యునికి చూపించండి. ముల్లుకర్రతో పొడవడం 1965 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం నిషిద్ధం కూడా.

ఓపికగా నేర్పిన కోడె మీ కేకకే తిరుగుతుంది. ముక్కు క్షేమంగా ఉంటుంది, అదను దాటదు.