గోళ్ళ చుట్టూ పులిపిర్లు: కోయకండి, కాల్చకండి

చేతి గోళ్ళ పక్కన, గోటి మొదట్లో, ఒక్కోసారి గోటి కింద కూడా గరుకుగా, గట్టిగా లేచే చిన్న కాయలను పులిపిర్లు లేక ఉలిపిర్లు అంటాము. ఉర్దూలో మస్సే అంటారు. మంచేనహళ్ళి, బాగేపల్లి, చింతామణి వైపు తెలుగూ కన్నడమూ కలిసిన ఊళ్ళలో నరహులి అన్న మాట కూడా వినిపిస్తుంది. యునాని గ్రంథాలలో దీని పేరు సులూల్, బహువచనంలో సఆలీల్. పేరు ఏదైనా వ్యాధి ఒక్కటే.

ఇది ప్రాణం తీసే జబ్బు కాదు. అందువల్ల చాలామంది మొదట పట్టించుకోరు. అది పెరిగి నలుగురి కంట పడేసరికి బ్లేడుతో కోస్తారు, సున్నం పెడతారు, జిల్లేడు పాలు పోస్తారు. అసలు నష్టం అక్కడే మొదలవుతుంది. గోరు పుట్టే చోటు గోటి మొదట్లో చర్మం లోపల ఉంటుంది. ఆ చోటు కాలినా, తెగినా గోరు జీవితాంతం వంకరగానో, చీలిపోయో పెరుగుతుంది. పులిపిరి పోయినా ఆ లోపం పోదు. కనుక ఈ వ్యాధి విషయంలో ముందుగా కావలసింది ఓర్పు.

కారణాలు

పులిపిరికి కారణం హ్యూమన్ పాపిలోమా వైరస్. పులిపిరి పొడిని నీటిలో కలిపి, సూక్ష్మక్రిములు కూడా దాటలేని జల్లెడలో వడగట్టినా ఆ నీరు మరొకరికి పులిపిరి పుట్టించగలదని ఇటలీ వైద్యుడు జుసెప్పె చుఫో 1907లో నిరూపించాడు. ఈ వైరస్‌లో ఇప్పుడు 200కు పైగా రకాలు తెలుసు. చేతి పులిపిర్లకు ఎక్కువగా 1, 2, 4, 27, 57 రకాలు కారణమవుతాయి.

పాపిలోమా వైరస్ అనగానే గర్భాశయ ముఖద్వార కాన్సర్ గుర్తుకు వచ్చి కొందరు భయపడతారు. ఆ కాన్సర్‌కు కారణమయ్యే రకాలు వేరు, చేతి మీద మామూలు పులిపిర్లు పుట్టించే రకాలు వేరు. పెళ్ళీడు పిల్ల వేలి మీద పులిపిరి ఉంటే అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. దాన్ని దాచిపెట్టి ముదరబెట్టుకోవద్దని ఇంట్లో పెద్దవాళ్ళే ఆ పిల్లకు చెప్పాలి.

యునాని వైద్యులు ఈ వ్యాధిని చిక్కబడిన సౌదా, బల్గం దోషాలతో ముడిపెట్టారు. శరీరం బయటికి నెట్టిన చిక్కటి పదార్థం చర్మం మీద గడ్డకట్టి కాయ అవుతుందని వారి వివరణ. వైరస్ అన్నది వారి కాలంలో ఎవరికీ తెలియదు. అయితే ఒకే ఇంట్లో ఒకే తువ్వాలు వాడే నలుగురిలో ఒకరికే పులిపిర్లు ఎందుకు వస్తాయన్న ప్రశ్నకు నేటి వైద్యం చెప్పే జవాబు కూడా మనిషి శరీర తత్వం, రోగనిరోధక శక్తి దగ్గరకే వస్తుంది.

వైరస్ ఆరోగ్యంగా ఉన్న చర్మంలోకి తేలికగా చొరబడదు. దానికి దారి కావాలి. గోరు కొరికే అలవాటు, గోటి పక్కన లేచిన తోలు పీకే అలవాటు ఆ దారి తెరుస్తాయి. గోళ్ళు కొరికే పిల్లలకు ఒక వేలి పులిపిరి మిగతా వేళ్ళకు, పెదవులకు కూడా పాకుతుంది. వైరస్ సోకిన వెంటనే కాయ కనిపించదు. సాధారణంగా రెండు నుంచి ఆరు నెలలు, కొందరికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది.

చేతులు నానే పనులు

రోజంతా తడిలో నానిన చర్మం మెత్తబడి చీలుతుంది. ఈ ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. శిడ్లఘట్టలో పట్టుదారం తీసే పనివాళ్ళు వేడినీళ్ళలో ఉడికిన గూళ్ళను గంటల తరబడి చేత్తో పడతారు. ఇళ్ళలో గిన్నెలు తోమి, బట్టలు ఉతికే స్త్రీల చేతులదీ అదే పరిస్థితి. హోటళ్ళలో పనిచేసేవారికీ అంతే.

మాంసం కొట్టేవారి సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. తడి, చల్లదనం, కత్తిగాట్లు, ఎముక ముక్కల గీతలు కలిసి వారి చేతులకు పులిపిర్లు మిగతావారి కన్నా ఎక్కువగా వస్తాయి. వారిలో పాపిలోమా వైరస్ 7వ రకం తరచుగా కనిపిస్తుంది. దీనికి కసాయి పులిపిర్లు అన్న పేరే స్థిరపడింది. ఇది మాంసం నుంచి అంటుకునే జబ్బు కాదు, మనుషుల వైరస్సే. మాంసం దుకాణం నడిపే కుటుంబాలు రబ్బరు తొడుగులు వాడడం, చిన్న గాటునైనా వెంటనే కడిగి కట్టు వేసుకోవడం మంచిది.

వుజూ వల్ల పులిపిర్లు వస్తాయా అని కొందరికి సందేహం. రావు. కొద్దిసేపు శుభ్రమైన నీటితో కడుక్కుంటే చర్మం నానదు. కాని కడిగిన తర్వాత వేళ్ళ సందులు, గోళ్ళ చుట్టూ పొడిగా తుడుచుకోవాలి. నలుగురూ తుడుచుకున్న తువ్వాలు మాత్రం వాడవద్దు.

ఎలా గుర్తించాలి?

మొదట గుండుసూది తలంత నున్నటి బుడిపె కనిపిస్తుంది. క్రమంగా అది గరుకెక్కి, పగిలి, గోబీపువ్వు పైభాగంలా అవుతుంది. రెండు మూడు కలిసి గోటి అంచు చుట్టూ కట్టలా పెరుగుతాయి. గోటి కిందికి చొచ్చుకుపోతే గోరు పైకి లేస్తుంది, నొక్కితే నొప్పి పెడుతుంది. వైద్యులు ముఖ్యంగా రెండు గుర్తులు చూస్తారు. ఒకటి, చర్మం మీది సహజమైన గీతలు పులిపిరి దగ్గర ఆగిపోతాయి. రెండు, పైతోలు కొద్దిగా గీకితే నల్లటి చుక్కలు కనిపిస్తాయి. వాటిని కొందరు వేర్లు అనుకుంటారు. అవి వేర్లు కావు, రక్తం గడ్డకట్టిన సన్నటి నాళాలు.

పులిపిరి అనుకుని పొరబడే వ్యాధులు కొన్ని ఉన్నాయి.

గోరుచుట్టు: యునానిలో దాఖిస్ అంటారు. ఒకటి రెండు రోజుల్లో ఎర్రబడి, వాచి, చీము పట్టి సలుపుతుంది. పులిపిరి ఇలా హఠాత్తుగా రాదు. పులిపిరిని గిల్లితే దాని మీద గోరుచుట్టు కూడా రావచ్చు. గోరుచుట్టు మీద రోకటి పోటు అన్న సామెత అనుభవంలోకి వస్తుంది.

ఆనెకాయ: రాపిడి తగిలే చోట తోలు మందమెక్కుతుంది. చర్మపు గీతలు దాని మీద కూడా కొనసాగుతాయి, నల్ల చుక్కలు ఉండవు. మేకు తలలా గట్టిగా లోపలికి దిగిన కాయను పాత హకీములు మిస్మార్ అని వేరే చెప్పారు. మిస్మార్ అంటే మేకు.

చర్మ కాన్సర్: ఇది అరుదు, కాని ముఖ్యం. నడివయసు దాటినవారికి ఒకే ఒక్క వేలికి కాయ వచ్చి, నెలల తరబడి మందులు వాడినా తగ్గక, రసి కారుతూ, పుండు పడుతూ, గోటిని తినేస్తూ ఉంటే దాన్ని పులిపిరి అనుకుని ఏళ్ళు గడపకూడదు. గోటి కింద వచ్చే స్క్వామస్ కాన్సర్ ఇలాగే ఉంటుంది. చిన్న ముక్క తీసి బయాప్సీ చేస్తే తేలిపోతుంది. తొలిదశలో దొరికితే తరచుగా వేలు దక్కుతుంది. అలాగే గోటి మీద కొత్తగా నల్లటి చార వచ్చి వెడల్పవుతూ ఉన్నా, ఆ నలుపు గోటి చుట్టూ చర్మానికి పాకినా వెంటనే చర్మ వైద్యునికి చూపించండి.

చికిత్స

పిల్లలకు వచ్చిన పులిపిర్లు చాలావరకు వాటంతట అవే పోతాయి. పదిమందిలో సుమారు ఆరేడుగురికి రెండేళ్ళలో తగ్గుతాయి. నొప్పి లేకపోతే, పాకకపోతే వేచి చూడడం తప్పు కాదు. పెద్దవారికి, అందులోనూ గోటి దగ్గర వచ్చినవాటికి ఎక్కువ కాలం పడుతుంది.

ఇంట్లో వాడదగినవాటిలో ఎక్కువ ఆధారం ఉన్నది సాలిసిలిక్ ఆమ్లం. మందుల దుకాణంలో సుమారు 17 శాతం గాఢతతో, రాస్తే పొరలా ఆరిపోయే ద్రవంగా దొరుకుతుంది. దీని వెనుక ఒక పాత కథ ఉంది. యునాని వైద్యులు దియస్ఖురీదూస్ అని పిలిచే గ్రీకు వైద్యుడు విల్లో చెట్టు బెరడును కాల్చిన బూడిదను సిర్కాలో కలిపి గట్టిపడిన కాయలకు వాడమన్నాడు. సాలిసిలిక్ అన్న పేరు ఆ చెట్టు లాటిన్ పేరు సాలిక్స్ నుంచే వచ్చింది.

ఈ మందు రాస్తే గోటి మీద పొర ఏర్పడుతుంది కదా, వుజూ సంగతి ఏమిటన్న ప్రశ్న సహజం. రోజుకు ఒక్కసారి, ఇషా నమాజు తర్వాత రాస్తే ఆ ఇబ్బంది తొలగుతుంది. పద్ధతి ఇది:

1. వేలిని గోరువెచ్చని నీటిలో 5 నుంచి 10 నిమిషాలు నానబెట్టి తుడవండి.
2. పైన తెల్లగా మెత్తబడిన తోలును గరుకు కాగితంతో మెల్లగా అరగదీయండి. రక్తం రానివ్వవద్దు. ఆ కాగితం మళ్ళీ వాడకుండా పారవేయండి.
3. చుట్టూ ఉన్న మంచి చర్మానికి వాజిలిన్ పూయండి.
4. పులిపిరి మీద మాత్రమే ఒక్క చుక్క మందు పెట్టి ఆరనివ్వండి.
5. ఫజర్ వుజూకు ముందు గోరువెచ్చని నీటిలో నానబెట్టి ఆ పొరను తీసివేయండి.

దీన్ని ఓపికగా 12 వారాలు చేయాలి. మంట పుడితే కొన్ని రోజులు ఆపి మళ్ళీ మొదలుపెట్టండి. మధుమేహం ఉన్నవారు, వేళ్ళలో రక్తప్రసరణ సరిగా లేనివారు, గర్భిణులు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారు వైద్యుని అడగకుండా వాడకూడదు. పసిపిల్లలకు సొంతంగా రాయకూడదు.

తగ్గకపోతే చర్మ వైద్యులు ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టిస్తారు. దాని ఉష్ణోగ్రత సున్నాకు 196 డిగ్రీలు దిగువ. రెండు మూడు వారాలకు ఒకసారి చొప్పున కొన్నిసార్లు చేయాలి. నొప్పి, బొబ్బ ఉంటాయి. గోటి మొదట్లో మితిమీరి చేస్తే గోరు చెడుతుంది కనుక అనుభవం ఉన్నవారి దగ్గరే చేయించుకోండి. శరీరపు రోగనిరోధక శక్తిని మేల్కొలిపే ఇంజెక్షన్లు కూడా ఇప్పుడు ఇస్తున్నారు. కరెంటుతో కాల్చడం, లేజరు, కోత చివరి మార్గాలు. అవి చేయించినా పులిపిరి తిరిగి రావచ్చు.

యునానిలో ఏమున్నాయి?

యునాని చికిత్స రెండు వైపులా సాగుతుంది. లోపలికి, సౌదా దోషాన్ని ముందు పక్వం చేసే ముంజిజ్, తర్వాత బయటికి పంపే ముస్‌హిల్ ఔషధాలు ఇస్తారు. అఫ్తీమూన్, నల్ల కరక్కాయ వంటివి వీటిలో ఉంటాయి. విరేచన మందులు కనుక అర్హత గల హకీము నాడి చూసి ఇస్తేనే వాడాలి. సౌదాను పెంచే వంకాయ, మసూర్ పప్పు, ఎండు మాంసం, పశుమాంసం తగ్గించమంటారు. ఈ పథ్యంతోనే పులిపిరి రాలిపోతుందని మాత్రం ఆశించవద్దు.

పై పూతలలో ప్రసిద్ధమైనది కలోంజీ, అంటే నల్ల జీలకర్ర. దీన్ని సిర్కాలో నూరి పట్టు వేయడాన్ని పాత గ్రంథాలు చెప్పాయి. సిర్కా ఘాటుగా ఉంటే చర్మం కాలుతుంది కనుక హకీమును అడిగే వాడండి. మరొకటి అంజీర్ చెట్టు పాలు. ఇరాన్‌లో 2007లో ప్రచురించిన ఒక చిన్న పరిశీలనలో 25 మందికి శరీరం ఒక వైపు అంజీర్ పాలు రాసి, రెండో వైపు శీతల చికిత్స చేశారు. అంజీర్ పాలతో 11 మందికి పూర్తిగా తగ్గాయి. శీతల చికిత్స కొంత మెరుగ్గా పనిచేసింది. ఇది ఆశాజనకమే కాని 25 మందితో తేలే విషయం కాదు. పైగా అంజీర్ పాలు తగిలిన చర్మానికి ఎండ సోకితే బొబ్బలెక్కుతుంది.

యునాని వైద్యం కోరేవారికి బెంగళూరు మాగడి రోడ్డులోని జాతీయ యునాని వైద్య సంస్థ దగ్గరలో ఉంది. హైదరాబాదు ఎర్రగడ్డలో చర్మవ్యాధుల కోసమే జాతీయ యునాని పరిశోధనా సంస్థ పనిచేస్తున్నది.

చేయకూడని పనులు

బ్లేడుతో కోయడం, దారం లేక వెంట్రుకతో బిగించడం, అగరువత్తితో కాల్చడం, సున్నంలో సోడా కలిపి పెట్టడం, నల్లజీడి రసం పూయడం మానండి. జిల్లేడు పాలు, జెముడు పాలు వేలి నుంచి కంటికి తగిలితే చూపుకే ప్రమాదం.

ఇంట్లో ఒకరికి పులిపిరి ఉంటే గోరుకత్తెర, తువ్వాలు వేరు చేయండి. పులిపిరి ఉన్న వేలి గోరు చివరగా తీసి, కత్తెరను సబ్బుతో కడిగి ఆరబెట్టండి. గిన్నెలు తోమేటప్పుడు తొడుగులు వేసుకోండి, పని అయ్యాక చేతికి కొబ్బరినూనె రాయండి. పిల్లవాడు గోళ్ళు కొరుకుతుంటే కొట్టి మాన్పించలేరు. గోళ్ళు పొట్టిగా తీసి, చేతికి ఏదో ఒక పని కల్పించండి.

చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. చెడిన గోరు పూర్తిగా మారడానికి ఆరు నెలలు పడుతుంది, అదీ గోటి మొదలు క్షేమంగా ఉంటేనే. మూడు నెలల మందుతో పోయే పులిపిరి కోసం ఆ మొదలును కాల్చుకోకండి. మూడు నెలలకూ తగ్గనిదాన్ని, ఒకే వేలిలో పుండు పడుతున్నదాన్ని ఇంట్లో పెట్టుకోకుండా వైద్యునికి చూపించండి.