వరద మోడల్ రన్ చేసే ముందు డేటా తెరిచి చూశారా?

2024 సెప్టెంబర్‌లో బుడమేరు నీళ్లు విజయవాడ కాలనీల్లోకి వచ్చాయి కదా. దానికి వరద మోడల్ చేద్దాం అనుకోండి. నేల ఎత్తులకి ఫ్రీగా దొరికే డేటా ఎస్ఆర్‌టీఎం. క్యూజీఐఎస్‌లో లోడ్ చేసి, లేయర్ మీద డబుల్ క్లిక్ కొట్టి, ఇన్ఫర్మేషన్ ట్యాబ్ చూడండి. పిక్సెల్ సైజ్ డిగ్రీల్లో ఉంటుంది, మీటర్లలో అయితే సుమారు 30. అంటే సన్నటి కాలువ గానీ, గట్టు గానీ ఇందులో సరిగ్గా కనపడదు.

ఇంకోటి, ఇది 2000 ఫిబ్రవరిలో స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో కొలిచింది. ఆ తర్వాత వేసిన రోడ్లు, లేఅవుట్లు ఇందులో లేవు. చెట్ల ఎత్తు, బిల్డింగుల ఎత్తు కూడా నేల ఎత్తులో కలిసిపోయి ఉంటాయి.

మోడల్ ఇవేవీ అడగదు, నీలం రంగు మ్యాప్ నీట్‌గా గీసి ఇచ్చేస్తుంది. అది చూసి "మా వీధి సేఫే" అని ఎవరైనా ఇంట్లోనే ఉండిపోతే? అందుకే శాటిలైట్ ఫొటో పక్కన పెట్టి డేటా చూసుకున్నాకే రన్ కొట్టండి.