లడ్డు అన్నం తినట్లేదు

పొద్దున ఎనిమిదింటికి హాస్టల్ మెస్‌లో ఇడ్లీ తింటూ, వీడియో కాల్‌లో చచ్చిన ఎలుకని చూసే అమ్మాయిని మీరెప్పుడైనా చూశారా? మా బ్యాచ్ వాళ్ళు చూశారు. ఆ అమ్మాయిని నేనే. పోయిన సెమిస్టర్‌లో నెల పైన నా టేబుల్ దగ్గర ఎవరూ కూర్చోలేదు. ఎందుకలా చేశానో చెప్పడానికే ఈ వ్యాసం.

మా బాబాయి వాళ్ళు అమెరికాలో, డల్లాస్ దగ్గర ఉంటారు. వాళ్ళబ్బాయి చింటూ టెన్త్ గ్రేడ్. వాడి దగ్గర ఒక బాల్ పైథాన్ ఉంది. కొండచిలువల్లో చిన్న జాతి. పుట్టిల్లు పశ్చిమ, మధ్య ఆఫ్రికా. విషం ఉండదు. భయం వేస్తే తల లోపల దాచుకుని బంతిలా చుట్టుకుపోతుంది, అందుకే ఇంగ్లీషులో ఆ పేరు. మావాడు దాన్ని చూసి 'లడ్డు' అని పెట్టాడు. ఆడపాము, అప్పటికి 620 గ్రాములు.

వాడి ఫ్రెండ్ వాళ్ళన్నయ్య ఊరు మారుతూ లడ్డుని వీడికి ఇచ్చేశాడు. మొదట్నుంచీ దానికి బతికున్న ఎలుకలే అలవాటు. పది రోజులకోసారి షాపు నుంచి ఒక ఎలుకని తెచ్చి ట్యాంక్‌లో వదలడం, లడ్డు దాన్ని పట్టి చుట్టేసి మింగడం. ఇలాగే నడిచేది. ఒక రాత్రి లడ్డు ఎలుకని పట్టించుకోలేదు. "తర్వాత తింటుందిలే" అని చింటూ పడుకున్నాడు. పొద్దున లేచి చూస్తే ఎలుక బానే ఉంది. లడ్డు వీపు మీద మాత్రం రూపాయి బిళ్ళంత మేర చర్మం కొరికేసి ఉంది.

పాము ఎలుకని తినకపోతే ఎలుక పాముని కొరుకుతుందని నాకు అప్పటిదాకా తెలీదు. ఆకలి వేసినా, భయపడినా ఎలుక దేన్నైనా కొరుకుతుంది. తినాలనే మూడ్‌లో లేని పాము ఎదురు తిరగకుండా అలాగే ముడుచుకుని ఉండిపోతుంది. డాక్టర్ గాయం కడిగి, ఆయింట్‌మెంట్ రాసి, రెండు వారాలు ఏమీ పెట్టొద్దని, ఆ తర్వాత ఫ్రోజెన్ ఎలుకలే పెట్టమని చెప్పారట. బిల్లు చూసి బాబాయి "ఎవరికైనా ఇచ్చేయరా" అన్నారు. పిన్ని దీపావళి వరకు గడువు ఇచ్చింది. చింటూ నాకు ఫోన్ చేసి ఏడ్చాడు. "అక్కా, నేను పడుకోవడం వల్లే కదా."

నాకు పాముల గురించి ఓనమాలు కూడా తెలీవు. కానీ తమ్ముడు ఏడిస్తే ఏదో ఒకటి చేయాలి కదా. ఇద్దరం కూర్చుని చదవడం మొదలుపెట్టాం. వాడి రాత్రి తొమ్మిదిన్నర అంటే నాకు పొద్దున ఎనిమిది. బాల్ పైథాన్‌కి ఆకలి వేసేది రాత్రి పూటే. అలా నా ఇడ్లీ టైమ్, లడ్డు డిన్నర్ టైమ్ ఒకటయ్యాయి.

మొదటి ప్రయత్నం: చల్లటి ఎలుక

ఫ్రోజెన్ ఎలుకలు అక్కడ సైజుల వారీగా ప్యాకెట్లలో దొరుకుతాయి. పాము ఒళ్ళు ఎక్కడ బాగా లావుగా ఉందో, ఎలుక సుమారు అంత లావు ఉండాలి. చింటూ ఒకటి తెచ్చి, ఐస్ వదిలేదాకా ఉంచి, ట్యాంక్‌లో పెట్టాడు. లడ్డు దాని మీదుగా పాకుతూ వెళ్ళిపోయింది, మనం చెప్పుల మీదుగా నడిచినట్టు.

"మొండిది అక్కా, బతికున్నది ఇస్తేనే తింటానంటోంది" అన్నాడు. నేనూ అదే అనుకున్నా. ఇద్దరం తప్పే. లడ్డు అలగలేదు. అది అన్నం అని దానికి తెలియలేదు, అంతే.

పాము తిండిని గుర్తుపట్టేది ముఖ్యంగా మూడు సిగ్నల్స్‌తో. ఒకటి వేడి. బాల్ పైథాన్ మూతిని దగ్గరగా చూస్తే పై పెదవి అంచున వరసగా చిన్న గుంటలు కనిపిస్తాయి. ఎదుట ఉన్నదాని ఒంట్లోంచి వచ్చే వేడిని, అంటే ఇన్‌ఫ్రారెడ్‌ని, అవి పట్టేస్తాయి. చిమ్మచీకట్లో కూడా ఎలుక ఎక్కడుందో దానికి తెలుస్తుంది. ఈ గుంటల్లో పనిచేసే ప్రోటీన్ ఏదో 2010లో కనిపెట్టారు. దాని పేరు టీఆర్‌పీఏ1. అదే ప్రోటీన్ మన ఒంట్లోనూ ఉంది. కొత్తావకాయ కలిపేటప్పుడు ఆవపిండి ఘాటు ముక్కుకెక్కుతుంది చూడండి, అది మనకి తెలిసేది దీనివల్లే! మనకి ఆవఘాటు చెప్పేది పాముకి ఎలుక వేడి చెబుతుంది. ఆ పరిశోధన చేసిన ల్యాబ్ డేవిడ్ జూలియస్‌ది. వేడిని మన నరాలు ఎలా పసిగడతాయో కనిపెట్టినందుకు ఆయనకి 2021లో నోబెల్ కూడా వచ్చింది.

రెండోది వాసన. పాము నాలుక బయటికి చాపేది మనల్ని భయపెట్టడానికి కాదు. గాల్లో ఉన్న వాసన కణాలని నాలుకతో తీసుకుని, నోట్లో పైన ఉండే జాకబ్‌సన్ అవయవానికి అందిస్తుంది. మూడోది కదలిక.

బతికున్న ఎలుకలో మూడూ ఉంటాయి. చింటూ పెట్టిన చల్లటి ఎలుకలో వేడి లేదు, కదలిక లేదు, ఫ్రీజర్‌లో ఉండి వచ్చింది కాబట్టి వాసన కూడా తక్కువే. మన భాషలో చెప్పాలంటే ఇన్‌పుట్ ఫార్మాట్ తప్పు. ప్రోగ్రామ్‌ని తిట్టి ఏం లాభం?

రెండో ప్రయత్నం: వేడి సరే, పద్ధతి తప్పు

వారం ఆగి మళ్ళీ మొదలుపెట్టాం. "అక్కా, మైక్రోవేవ్‌లో పెట్టనా?" అంటే నేను "ముప్పై సెకన్లు చాలేమో" అన్నా. పిన్ని వినుంటే మా ఇద్దరి పని అయిపోయేది. అదృష్టం కొద్దీ ముందు చదివాం. మైక్రోవేవ్ అసలు వాడకూడదు. ఒకచోట ఉడికిపోతుంది, ఇంకోచోట గడ్డగానే ఉంటుంది, పొట్ట పగిలిపోవచ్చు కూడా.

సరైన పద్ధతి ఇది. ముందురోజు రాత్రే ఎలుకని ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్‌లోకి మార్చాలి. లోపలిదాకా ఐస్ వదలాలి. పెట్టే ముందు జిప్‌లాక్ కవర్‌లో వేసి గోరువెచ్చటి నీళ్ళలో ముంచాలి. మరిగే నీళ్ళు వద్దు. ఎలుక ఒంటి వేడి 38 డిగ్రీల దగ్గరికి రావాలి, అంటే బతికున్న ఎలుకకి ఉండే వేడి. తర్వాత పేపర్ టవల్‌తో తుడవాలి, తడిగా ఉంటే త్వరగా చల్లారిపోతుంది. పట్టకారుతో ఇవ్వాలి, చేత్తో కాదు. పాము వేడిని చూసి కాటేస్తుంది, మన చెయ్యి కూడా వేడిగానే ఉంటుంది కదా.

అన్నీ చేశాడు. కానీ ఆత్రంలో ట్యూబ్‌లైట్ వేసి, ఎలుకని నేరుగా లడ్డు మొహం ముందు ఊపాడు. లడ్డు నిజంగానే లడ్డు అయిపోయింది. అడవిలో ఏ ఎలుకా ఎగిరొచ్చి పాము మొహం మీద పడదు. అలా వచ్చేది శత్రువే.

తినకుండా వదిలేసిన ఎలుకని గూడు ముందు రాత్రంతా ఉంచి చూడొచ్చు, కొన్ని పాములు మనం లేనప్పుడు తింటాయి. తెల్లారినా అలాగే ఉంటే పారేయాలి. మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టకూడదు.

మూడో ప్రయత్నం: తప్పు ఎలుకలో లేదు

ఈసారి నేను "ఎలుక సంగతి వదిలెయ్, ట్యాంక్ టెంపరేచర్ ఎంత?" అని అడిగా. వెచ్చటి వైపు పెట్టిన థర్మామీటర్ 81 ఫారెన్‌హీట్ చూపిస్తోంది, అంటే 27 సెల్సియస్. బాల్ పైథాన్‌కి వెచ్చటి వైపు 31 నుంచి 33 దాకా ఉండాలి, చల్లటి వైపు 25, 26 చాలు. పాము ఒంట్లో సొంతంగా వేడి పుట్టదు. బయటి వేడి తీసుకునే అరిగించుకుంటుంది. వెచ్చదనం లేకపోతే తినకపోవడమే దానికి తెలివైన పని. హీటర్ సెట్టింగ్ మార్చాం. దాక్కోవడానికి రెండు వైపులా రెండు గూళ్ళు పెట్టాడు. అంతే, ఆ వారం ఇంకేమీ మార్చలేదు. ఒకేసారి నాలుగు మారిస్తే ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుంది? డీబగ్గింగ్ మొదటి పాఠం.

ఆ రాత్రి కూడా తినలేదు. కానీ మొదటిసారి తల ఎత్తి, నాలుక చాపి, ఎలుక వైపు చాలాసేపు చూసింది. చింటూ డీలా పడిపోయాడు. నాకు మాత్రం ఎర్రర్ మెసేజ్ మారినట్టు అనిపించింది.

ఈలోపు పిన్ని టెన్షన్ వేరు. "నెల దాటింది, చచ్చిపోతుందేమోరా!" పాము పగబట్టినట్టు మాట్లాడే పిన్నే. నిజానికి ఒంటిని వేడిగా ఉంచే ఖర్చు లేదు కాబట్టి పాముకి మనలా రోజూ తిండి అక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద బాల్ పైథాన్ నెలల తరబడి తినకుండా ఉండగలదు. చూడాల్సింది రోజులు కాదు, బరువు. చింటూ వారం వారం కిచెన్ స్కేల్ లాంటి ఒక స్కేల్ మీద (కిచెన్‌ది కాదు పిన్నీ, ఒట్టు!) తూచేవాడు. 620 నుంచి 596కి వచ్చింది, అంటే 4 శాతం తగ్గింది. పది శాతం దగ్గరికి వస్తే, లేదా పాము నీరసంగా కనిపిస్తే, ఆగకుండా డాక్టర్ దగ్గరికే.

నాలుగో ప్రయత్నం

షాపులో ఎలుకల బోనులోంచి వాడిన రంపపు పొట్టు ఒక గుప్పెడు అడిగి తెచ్చాడు. ఎలుకని వెచ్చబెట్టి, తుడిచి, ఆ పొట్టులో దొర్లించాడు. వాసన వచ్చింది. పాత హెయిర్ డ్రయ్యర్‌తో ఎలుక తల మాత్రం ఇంకొంచెం వెచ్చబెట్టాడు, పాము సాధారణంగా తల వైపు పట్టుకుంటుంది కాబట్టి. లైట్లు ఆర్పేశాడు. పట్టకారుతో నడుము దగ్గర పట్టుకుని, గూడు పక్కనుంచి దూరంగా వెళ్తున్నట్టు నేల మీద మెల్లగా కదిపాడు. ఆగడం, రెండడుగులు, మళ్ళీ ఆగడం.

నా ఫోన్‌లో అంతా చీకటి. టప్పుమని ఒక శబ్దం. "అక్కా!" అని గుసగుస. తర్వాత పావుగంట ఇద్దరం మాట్లాడలేదు. లడ్డు ఎలుకని చుట్టేసి, వదిలి, తల వెతుక్కుని, మెల్లగా మింగింది. 45 రోజుల తర్వాత మొదటి భోజనం. నా ఇడ్లీ చల్లారిపోయింది, డీబీఎమ్‌ఎస్ క్లాసుకి లేటయ్యా.

ఆ తర్వాత రెండు రోజులు దాన్ని చేతిలోకి తీసుకోలేదు. తీసుకుంటే కక్కేస్తుంది. తర్వాతి మూడు భోజనాలూ అదే పద్ధతిలో, ఏదీ మార్చకుండా. అలవాటయ్యాక ఒక్కొక్కటీ తీసేశాం. ముందు పొట్టు, తర్వాత డ్రయ్యర్. ఇప్పుడు వెచ్చటి ఎలుక కనిపిస్తే చాలు, వస్తోంది.

కొన్ని మాటలు

ఫ్రోజెన్ అంటే క్రిములు లేవని కాదు. సాల్మొనెల్లా ఫ్రీజర్‌లో కూడా బతుకుతుంది. అందుకే ఎలుకల ప్యాకెట్ మనం తినేవాటితో కలిపి పెట్టకూడదు, గిన్నెలూ పట్టకారూ వేరుగా ఉండాలి, ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. చింటూ పాకెట్ మనీతో గరాజ్‌లో చిన్న ఫ్రీజర్ కొన్నాడు. పిన్ని పెట్టిన ఒకే ఒక్క కండిషన్ అది.

ఇది చదివి ఇక్కడ పాముని పెంచుదామనుకుంటే ఆగండి. మన దేశపు పాముల్ని, నాగుపామైనా కొండచిలువైనా, ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బాల్ పైథాన్ లాంటి విదేశీ జాతులకి కూడా ప్రభుత్వం దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి.

ఇంకోటి. ఫ్రోజెన్ ఎలుక వల్ల ఎలుక ప్రాణం నిలవదు, అది నాకూ తెలుసు. మా పిన్ని శాకాహారి, ఆ మాట మొదటి రోజే అంది. కానీ పారిపోవడానికి దారిలేని గాజు పెట్టెలో ఒక ప్రాణి భయంతో రాత్రంతా తిరగడం, ఇంకో ప్రాణి వీపు కొరికించుకుని ముడుచుకుని ఉండటం, ఆ రెండూ తప్పాయి. నాకు అది చిన్న విషయంలా అనిపించలేదు.

దీపావళి వెళ్ళిన నాలుగో రోజు, నాగుల చవితికి పిన్ని గుళ్ళో పాలు పోసి వచ్చి ఫోన్ చేసింది. పాములు పాలు తాగవని చెబుదామనుకుని ఊరుకున్నా. గడువు సంగతి ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. "లడ్డు నిన్న రాత్రి తిందే, రెండు నిమిషాల్లో" అంది. తర్వాత గుర్తొచ్చినట్టు, "నువ్వు తిన్నావా?" అని అడిగింది.